మూలమొక్కటి, నామములనేకము: సటీకా తాత్పర్యము

మూలము: మూలంబొక్కటియైనను మ్యాక్ వేఱగుటచే నామంబు వేఱు.

అవతారిక: హార్డ్ డిస్కు లేని కంప్యూటర్లన్నీ సర్వర్లోని ఒకే రూట్ ఫైల్‌సిస్టమ్‌ను పంచుకొని, ‘/ఈటీసీ/హోస్ట్‌నేమ్’ అనే ఒకే ఫైలు చదివి ఒకే పేరు చెప్పుకొంటే, వాటిలో ఏది ఏదో తెలియడమెట్లా అన్న శంకను తీర్చడానికి ఈ సూత్రం ఏర్పడింది.

ప్రతిపదార్థము: మూలంబు = సమస్త ఫైళ్లకూ ఆధారమై, ఒక్క స్లాష్ గీతతో సూచింపబడే రూట్; ఒక్కటియైనను = 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ రూపొందించిన ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో, నెట్‌వర్క్ మీదుగా అన్నిటికీ ఒకే ప్రతిగా అందుతున్నప్పటికీ; మ్యాక్ = నెట్‌వర్క్ కార్డుకు తయారీదారు ఇచ్చిన 48 బిట్ల సంఖ్య; వేఱగుటచే = ఒక కార్డుది మరొక కార్డుకు లేకపోవుటచేత; నామంబు = హోస్ట్‌నేమ్; వేఱు = భిన్నము. ‘అగును’ అనే క్రియ అధ్యాహారము.

తాత్పర్యము: స్విచ్ వేయగానే కార్డులోని పీఎక్స్‌ఈ అనే చిన్న ప్రోగ్రాం తన మ్యాక్‌ను చెప్పి అడ్రసు అడుగుతుంది, పిమ్మట దాని ద్వారా లోడైన కెర్నల్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధానభాగం కూడా అట్లే అడగగా, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్, ఏ మ్యాక్‌కు ఏ పేరో రాసిన తన పట్టిక చూసి ఐపీ అడ్రసుతో పాటు పేరునూ ఇస్తుంది, ఆ తరువాతనే రూట్ మౌంట్ అవుతుంది. ఈ విధంగా పేరు మూలం కంటే ముందే పుడుతున్నది కనుక, మూలంలో హోస్ట్‌నేమ్ ఫైలును ఉంచరాదని భావం.

విశేషములు: ‘మ్యాక్’ అనుచోట ‘ఐపీ’ అని పాఠాంతరం కలదు గాని, పేరూ అడ్రసూ రెండూ మ్యాక్‌ను బట్టే కలిసి వచ్చేవి, ఒకటి మరొకదానికి హేతువు కాదు కనుక అది గ్రాహ్యం కాదు. పేరు వేరైతే చాలదా అంటే, చాలదు. ‘/ఈటీసీ/మెషీన్-ఐడీ’ అనే ఫైలులోని 32 అక్షరాల గుర్తు ఉమ్మడిగా ఉంటే, దాని నుంచే తమ గుర్తింపును తయారుచేసుకొనే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ వంటి డీహెచ్‌సీపీ క్లయింట్లు రెండు ఒకే గుర్తు చెప్పగా, సర్వర్ రెంటినీ ఒక్కటే అనుకొని ఒకే అడ్రసు ఇవ్వవచ్చు, ఇది భ్రాంతిమదలంకారం. ఆ ఫైలును ఖాళీగా ఉంచి మూలాన్ని చదవడానికి మాత్రమే ఇస్తే, బూట్‌ను నడిపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాం, బూట్ అయిన ప్రతిసారీ తాత్కాలికమైన గుర్తును కల్పించి భ్రాంతిని తొలగిస్తుంది. ఇక లాగ్‌ల వంటి రాతలకు ఓవర్‌లేఎఫ్‌ఎస్ ఉపాయం: ఉమ్మడి పుస్తకంపై ఎవరి పల్చని కాగితం వారు పరచుకొని రాసినట్లు, చదివేది కింది మూలం నుంచి, రాసేది ఎవరికి వారి పై పొరలో. ఆ పొర మెమరీలో ఉంటే, ఆఫ్ చేయగానే రాతలూ పోతాయి.

ఫలితార్థము: పేరు కార్డును అంటిపెట్టుకొని ఉన్నది కనుక, కార్డు మార్చిన నాడు సర్వర్ పట్టికలో ఒక్క పంక్తి దిద్దేవరకు ఆ కంప్యూటర్ అనామకమే.