చందువకు ఇంగ్లీషు పట్టం

మైపాడు ఒడ్డున గంపలో ఉన్నంతసేపూ అది చందువ. "తెల్ల చందువ సామీ, ఇప్పుడే పడవ దిగింది" అని పట్టపు అవ్వ అంటే, ముఖం చిట్లించి సగానికి సగం బేరమాడతాం. అదే చేప నెల్లూరు ఏసీ హోటల్లో నిమ్మచెక్క పక్కన పడుకుని 'పాంఫ్రెట్' అయిందంటే రేటు అడగడానికి కూడా మనకు సిగ్గు. బడి మొహం చూడకుండా ఇంగ్లీషులో పాసైన చేప ఇదొక్కటే!

ఇంతకీ అది ఇంగ్లీషు మాటేనా? కాదు. పోర్చుగీసు నావికుల 'పాంపో' దానికి తాత. ఆ తాత వంశం వెతికితే ద్రాక్షాకు దగ్గర తేలుతుందంటారు. ఇంగ్లీషువాళ్ల నోట్లో పాంప్లీ, పాంఫ్లెట్ అంటూ పొర్లి పాంఫ్రెట్‌గా తేలింది. గుండ్రంగా, వెండిలా మెరిసేదాన్ని చూస్తే మనకు చందమామ గుర్తొస్తాడు. మనం ఆయన్ని దించేసి, ఎవరిదో ఎండుటాకు నెత్తిన పెట్టుకున్నాం.

ఆ ఇంగ్లీషు నాలుకల మహిమ మన తీరానికి కొత్త కాదులెండి. 1626 ప్రాంతంలో దుగరాజపట్నంలో కోఠీ పెట్టిన కుంపిణీవాళ్లు, సాయం చేసిన ఆర్ముగ మొదలియారు పేరును 'ఆర్మగాన్' చేసి ఊరికే తగిలించారు. మనిషి పేరుకే దిక్కులేని నోట చేప పేరు దక్కుతుందా?

పోనీ, పేరుదేముంది అంటారా? ఉంది. అర్థం తెలియని పేరును ఏ చేపకైనా అంటించొచ్చు. దక్షిణ అమెరికా నదుల నుంచి వచ్చి మన చెరువుల్లో మేత తిని బలిసిన రూప్‌చంద్ ఇప్పుడు మెనూలో పాంఫ్రెట్. ఉప్పునీటి ముఖం ఎరగదు, పైగా పిరానాకు దాయాది! (మన తప్పూ ఒకటుంది: నల్ల చందువ పార చేపల వంశానిది, తెల్లదానికి చెల్లెలేం కాదు. కానీ దాన్నీ దొరలు 'బ్లాక్ పాంఫ్రెట్' అనే అన్నారు, కాబట్టి లెక్క సరి.)

ఈసారి పాంఫ్రెట్ అన్నారంటే వండకముందే చూపించమనండి. పెదవి ఎత్తి చూస్తే మనిషి పళ్లలాంటి పళ్లున్నాయా? పొట్ట కింద జంట రెక్కలున్నాయా? ఉంటే అది చందువ కాదు, చెరువు చేప. చెరువు రేటే ఇవ్వండి.