రెడీమేడ్ సరుకు

నేను లిబ్రెఆఫీస్‌ను. సోర్స్ కోడ్‌ను కాదు, కంపైల్ అయిపోయి సిద్ధంగా ఉన్న ప్యాకేజీని. మిగతా లినక్స్‌లలో చాలావాటిలో ఇది చెప్పుకోదగ్గ సంగతే కాదు, అక్కడ దాదాపు అందరూ ఇలాగే పుడతారు. మా జెంటూలో 2002లో తొలి వెర్షన్ వచ్చిననాటి నుంచీ ఆచారం వేరు. సోర్స్ దింపుకో, నీ యంత్రం మీద నువ్వే కంపైల్ చేసుకో. నా పేరెత్తితేనే పాత ల్యాప్‌టాప్‌లకు ఒళ్లు కాగేది. రాత్రి మొదలుపెట్టి పడుకుంటే, లేచేసరికి కూడా ఫ్యాను హోరు ఆగేది కాదు.

అలాగని మా జాతి నిన్న మొన్నటిది కాదు. ఒకచోట కట్టిన ప్యాకేజీని ఇంకోచోట దించే ఏర్పాటు జెంటూ ప్యాకేజీ మేనేజర్ పోర్టేజ్‌లో ఏళ్లుగా ఉంది. నాలుగు కంప్యూటర్లున్నవాళ్లు గట్టిదాని చేత కట్టించి తక్కినవాటికి పంచేవారు. 2023 డిసెంబరు 29న జెంటూ వాళ్లే ఆ పని అందరికీ చేసిపెడుతున్నామని ప్రకటించారు. ఏఎండీ64, ఆర్మ్64 యంత్రాల కోసం 20 గిగాబైట్లకు పైగా సరుకు డౌన్‌లోడ్ మిర్రర్లకెక్కింది.

నన్ను ఎవరి కొలతలూ తీసుకుని కుట్టలేదు. ఒక ప్రాసెసర్‌కే సరిపడేలా కట్టి ఉంటే, దానికన్నా పాతదాంట్లో అర్థంకాని ఆదేశం ఎదురై అక్కడికక్కడే కూలబడేవాణ్ణి. అందుకే అన్ని ఏఎండీ64 యంత్రాలకూ తెలిసిన ఆదేశాలతోనే కట్టారు. కొత్త ప్రాసెసర్లవాళ్లకు 2024 ఫిబ్రవరిలో ఎక్స్86-64-వీ3 పేరుతో వేరే వరస వచ్చింది. మా అందరి మీదా డిజిటల్ సంతకం ఉంటుంది. పాత టీబీజెడ్2 ఫార్మాట్ మూటలకు ఆ యోగం లేదు, పాపం.

అసలు వడపోత పోర్టేజ్ దగ్గర. నన్ను దింపకముందే మిర్రర్‌లోని జాబితాలో నా జాతకమంతా చదివేస్తుంది. ముఖ్యంగా యూజ్ ఫ్లాగులు, అంటే ఏ సదుపాయం కావాలి, ఏది వద్దు అని యజమాని రాసుకున్న ఇష్టాలు. నాలో ప్రింటింగ్ ఉంది. ఒకాయనకు ప్రింటరే లేదు, ప్రింటింగ్‌కు సంబంధించిన కప్స్ ఫ్లాగు తీసేశాడు. అంతే, పోర్టేజ్ నన్ను ముట్టుకోకుండా సోర్స్ తెప్పించి గంటల తరబడి కంపైల్ చేసింది. నాకైతే కోపం రాలేదు. ఇంకో పంపిణీలో అయితే ఆయన ఇష్టాన్ని అడిగేవాడెవడు?

‘ఇదంతా ఎందుకు, డెబియన్ లాంటి రెడీమేడ్ లినక్స్ వేసుకోవచ్చుగా’ అని వెక్కిరించేవాళ్లకు ఈ తేడా కనబడదు. కంపైల్ చేయడమే జెంటూ అనుకుంటారు. నన్నూ, సొంతంగా కట్టుకున్న బ్రౌజర్‌నూ పక్కపక్కనే పెట్టుకోవచ్చు. ఇద్దరమూ ఇబిల్డ్ అనే తయారీ స్క్రిప్టుల్లోంచి పుట్టినవాళ్లమే, పోర్టేజ్ లెక్కల్లో ఇద్దరికీ ఒకటే చోటు.

మొన్న ఇంకో ఇంట్లో ఫ్లాగులన్నీ కుదిరాయి. నిమిషాల్లో దిగిపోయాను. యజమాని తెగ సంబరపడ్డాడు. మిగిలిన టైముతో ఏం చేశాడనుకున్నారు? కెర్నల్ కంపైల్‌కు కూర్చున్నాడు.