ఫార్మాట్ మహాత్మ్యం

పాత కంప్యూటర్‌ను అమ్మే ముందు జరిపించే శుద్ధికి తెలుగునాట వాడుకలో ఉన్న పేరు ఫార్మాట్ కొట్టించడం. తంతు చిన్నదే. సర్వీస్ కుర్రాడు బూటబుల్ పెన్‌డ్రైవ్ గుచ్చి, సి డ్రైవ్‌ను ఎంచుకుని ఫార్మాట్ నొక్కుతాడు. నాలుగు సెకన్లలో అయిపోతుంది. ఆపైన విండోస్ ఎక్కుతుంది, కొత్త వాల్‌పేపర్ దర్శనమిస్తుంది, "అంతా పోయింది సార్" అనే మంగళహారతితో కార్యక్రమం ముగుస్తుంది. యజమాని రుసుము చెల్లించి, పాపాలన్నీ కడిగేసుకున్న మొహంతో ఇంటికెళతాడు.

లెక్క మాత్రం కుదరదు. సెకనుకు 150 మెగాబైట్లు రాసే హార్డ్‌డిస్కు ఒక టెరాబైట్ మేర సున్నాలు నింపాలంటే దాదాపు రెండు గంటలు పడుతుంది. నాలుగు సెకన్లలో పోయేది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే చిట్టా ఒక్కటే. ఫైళ్లు ఎక్కడివక్కడే పడి ఉంటాయి. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఆ చిట్టాతో పనే లేదు. జేపెగ్ ఫొటో ఏదైనా ఎఫ్‌ఎఫ్, డి8, ఎఫ్‌ఎఫ్ అనే మూడు బైట్లతో మొదలవుతుంది. డిస్కునంతా జల్లెడ పట్టి, ఆ మూడూ కనిపించిన చోటల్లా అది ఒక ఫొటోను పైకి లాగుతుంది. ఫైళ్ల పాత పేర్లు సాధారణంగా తిరిగిరావు. ఆధార్ కార్డు స్కాన్ విషయంలో అదేమంత లోటు కాదు, పేరు కార్డు మీదే ఉంటుంది.

డి డ్రైవ్‌ది ఇంకో కథ. పెళ్లి వీడియోలు, పొలం దస్తావేజులు, జీతం స్లిప్పులు కాపురముండేది అందులోనే. విండోస్ పాడైనా అవి బతకాలన్నదే దాన్ని విడిగా పెట్టడంలోని ఉద్దేశం. అందుకే ఫార్మాట్ కొట్టేటప్పుడు దాన్ని ముట్టుకోరు. అమ్మేటప్పుడూ ముట్టుకోరు, ఆచారం ఆచారమే కదా! అసలు ఫార్మాటే చేయకుండా పాతదాని మీదే కొత్త విండోస్ ఎక్కించేవారూ ఉన్నారు. అప్పుడు పాత సరంజామా అంతా విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో భద్రంగా కూర్చుంటుంది.

ఈ భక్తి తెలుగువారికే పరిమితం కాదు. ఎంఐటీలో పరిశోధన చేస్తున్న సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ 158 సెకండ్‌హ్యాండ్ డిస్కులు కొని, లోపల ఏముందో చూసి 2003లో ప్రచురించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా తుడిచినవి 12. ఒక డిస్కు ఏకంగా ఏటీఎం నుంచి వచ్చింది. మోర్గాన్ స్టాన్లీ బ్యాంకు పాత యంత్రాలను వదిలించుకునే పనిని ఆ విద్యలో ఓనమాలు తెలియని సామాన్ల రవాణా సంస్థకు అప్పగించింది. కొన్ని యంత్రాలు ఖాతాదారుల వివరాలతో సహా వేలానికి చేరాయి. 2022లో బ్యాంకు కట్టిన జరిమానా 3.5 కోట్ల డాలర్లు.

దీనికి ఎదురు శాఖ ఒకటుంది: ముప్పై అయిదు సార్లు తుడిస్తే గాని మోక్షం లేదనేవారిది. వారి మూలగ్రంథం పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పరిశోధన పత్రం. అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ కలిపి ఆయన 35 వరసలు ఇచ్చాడు. ఏ ఒక్క డిస్కుకూ అవన్నీ అక్కర్లేదు. జనం దాన్ని మంత్రంలా జపిస్తున్నారని తర్వాత ఆయనే విసుక్కున్నాడు. రెండు టెరాబైట్ల డిస్కుకు ఈ జపం అయిదు రోజులు దాటుతుంది. ఇప్పటి హార్డ్‌డిస్కులకు మామూలుగా ఒక్కసారి పూర్తిగా తిరగరాస్తే చాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014 మార్గదర్శకాల్లోనే చెప్పింది.

ఎస్‌ఎస్‌డీ దగ్గర ఈ పారాయణం కూడా పారదు. అరుగుదలను సమంగా పంచడానికి అది రాతను తనకు తోచిన చోట రాసుకుంటుంది, కొంత జాగాను విండోస్‌కు చూపించనే చూపించదు. దానికి సెక్యూర్ ఎరేజ్ అనే సొంత ఆదేశం ఉంది. తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లోనో, కొన్ని యంత్రాల బయోస్‌లోనో దొరుకుతుంది. మొదటి నుంచీ డిస్కును బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచితే పని ఇంకా తేలిక. తాళంచెవిని నాశనం చేస్తే మిగిలేది చెత్తే.

హార్డ్‌డిస్కు యజమానులు పెన్‌డ్రైవ్ కోసం కూడా వెతుక్కోనక్కర్లేదు. విండోస్ రీసెట్‌లో అన్నీ తీసేయమని చెప్పాక, అదనపు సెట్టింగుల్లో డ్రైవ్‌లన్నిటినీ ఎంచుకుని, క్లీన్ డేటా అనే మీటను ఆన్ చేయాలి. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది.