‘గాయ్స్’ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం:
“గాయ్స్, ఇది ఫుల్లీ ఆటోమేటిక్ చెరకు ఫార్మ్. కట్టడం చాలా సింపుల్. ఒక్కసారి కట్టేసి ఏఎఫ్‌కే నిలబడితే చాలు, చెరకు అన్‌లిమిటెడ్.”

అవతారిక:
ఎండాకాలం సెలవులకు బెంగళూరు నుంచి పెద్దపంజాణి వచ్చిన మా మనవడు, పంచలో ఫోనును నీళ్ళచెంబుకు ఆనించి, ఎవరూ లేని గోడవైపు తిరిగి పలికిన వాక్యమిది. అర్థం చెప్పరా అన్నాను. “నీకర్థం కాదులే తాతా” అన్నాడు. ముప్పై ఏళ్ళు మనుచరిత్రకు అర్థం చెప్పి జీతం తీసుకున్నవాడితో అనవలసిన మాట కాదది. అందుచేత ఈ వ్యాఖ్య.

మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోను. ఆ మహానుభావుడే కిరాతార్జునీయ వ్యాఖ్యకు ఘంటాపథమని పేరు పెట్టాడు. గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గమని దాని అర్థం. మా కౌండిన్య అడవి ఏనుగులకు గంటలుండవు. రాత్రి టమోటా తోటలో దిగాక డ్రిప్పు పైపులు పటపటమంటాయే, అదే గంట.

కృతికర్త మార్కస్ పెర్సన్, స్వీడన్ దేశస్థుడు. కావ్యం మైన్‌క్రాఫ్ట్. గడులు పేర్చి లోకం కట్టుకునే వీడియో ఆట. 2009లో బయటికొచ్చి 2011లో సంపూర్ణమైంది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ 250 కోట్ల డాలర్లిచ్చి కృతిభర్త అయింది. పోతన అయితే ఇచ్చేవాడు కాడు.

ప్రతిపదార్థం:
గాయ్స్ = ఓ జనులారా! సంబోధన ప్రథమ, బహువచనం. వింటున్నది నేనొక్కణ్ణే గనక గౌరవార్థక బహువచనమని సమర్థించుకోవచ్చు. కానీ వాడు నావైపు చూడలేదు.

ఇది = స్పష్టం.

చెరకు = ఇసుకలో నీటి పక్కన నాటితే మూడు గడుల ఎత్తు పెరిగే పచ్చటి పుల్ల. ఎరువులేదు, చెదలు లేవు, ఎర్రకుళ్ళు లేదు. గడికీ గడికీ నిమిషాల లెక్కే. మన చెరకుకు పది పన్నెండు నెలలు.

సింపుల్ = ఇక్కడ కాస్త ఆగాలి. వ్యాఖ్యాతలకొక అలవాటుంది. తేలిక పదానికి అరపేజీ రాస్తారు, కొరుకుడుపడని చోట ‘స్పష్టం’ అని దాటేస్తారు. (పైన ‘ఇది’ దగ్గర నేను చేసింది అది కాదు. అది నిజంగానే స్పష్టం.) ఈ ఆట కట్టడాలు వీడియోల్లో నేర్పే పండితులూ ఆ సంప్రదాయంవాళ్ళే. ఇసుక ఎలా పరవాలో నాలుగు నిమిషాలు చెప్తారు. తీగ కలపాల్సిన చోట చేతులు చకచకా ఆడించి “సింపుల్ గాయ్స్” అంటారు. మావాడు అక్కడే రెండు రోజులు ఏడ్చాడు.

కాబట్టి నేను చెప్తాను. చెరకు మూడో గడికి ఎదగ్గానే దాన్నే చూస్తూ కూర్చున్న అబ్జర్వరనే గడి గుర్తుపడుతుంది. వెనకున్న రెడ్‌స్టోన్ అనే ఎర్రపొడి ద్వారా పిస్టన్‌కు కబురు వెళ్తుంది. పిస్టన్ రెండో గడిని గుద్దుతుంది. పై రెండు ముక్కలూ రాలి నీళ్ళలో కొట్టుకొచ్చి, హాపరనే గరాటులో పడి పెట్టెలోకి చేరతాయి. మొదలు నిలిచి మళ్ళీ చిగురిస్తుంది. ఇది మన కార్శి తోటే. పక్కన ఇసుకలో పడ్డ ముక్క అయిదు నిమిషాల్లో మాయమైపోతుంది. ఇదీ సంగతి. సింపుల్ అన్నవాడిని నరకంలో హాపర్లు కడగమనాలి.

ఆటోమేటిక్ = స్వయంచాలకం. స్వయం అనగానే మా జిల్లావాడికి గుర్తొచ్చేది స్వయంభువు, కాణిపాకం వినాయకుడు. కాణి అంటే ఎకరా పాతిక మాగాణి, పారకం అంటే నీళ్ళు పారడం అని పెద్దలు చెప్తారు. కథ తెలిసిందే. ముగ్గురన్నదమ్ములు. ఒకడు గుడ్డి, ఒకడు చెవిటి, ఒకడు మూగ. ఉన్నదొక చెక్క పొలం, ఏతం బావి. బావి ఎండిపోతే ఇంకా లోతుకు తవ్వారు. పార రాయికి తగిలింది, నెత్తురు చిమ్మింది, ముగ్గురికీ లోపాలు పోయాయి. తవ్విచూస్తే స్వామి. జనం కొట్టిన టెంకాయల నీళ్ళు కాణి నేల పారాయి. ఆ మూర్తి ఇంకా పెరుగుతోందని నమ్మకం. అంటే మా సీమలో తనంతట తాను పెరిగేది దేవుడొక్కడే. ఆయనైనా ఎవడో ఎండిన బావిలో దిగి పార ఎత్తితే గాని బయటపడలేదు.

ఆ కథలో నన్ను పట్టుకునేది అద్భుతం కాదు, అంతకు ముందరి మాట. బావి ఎండిపోతే ఇంకా లోతుకు తవ్వారు. మా మండలం చరిత్రంతా ఆ ఒక్క వాక్యమే. మా పొలంలో మూడు బోర్లు. ప్రతిసారీ నీళ్ళజాడ చూసేవాడి అరచేతిలో టెంకాయ నిటారుగా లేచి నిలబడింది. ప్రతిసారీ వెయ్యడుగుల దాకా తెల్లటి రాతిపిండి ఎగిసి మా మొహాలమీద పడింది. మూడోదానికి మా ఆవిడ గాజులు పోయాయి. టెంకాయ మాత్రం పచ్చడి చేసుకున్నాము.

ఎక్కడున్నాము? ఆటోమేటిక్ దగ్గర. సరే.

అన్‌లిమిటెడ్ = అవధి లేనిది. ఆ లోకంలో నీళ్ళకు అవధి లేదు. రెండుగడుల పొడుగు, రెండుగడుల వెడల్పు గుంట తవ్వి, ఎదురెదురు మూలల్లో రెండు బకెట్లు కుమ్మరిస్తే, ఎంత తోడినా తరగని ఊట. ఇది విన్నప్పుడు నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. శ్రీశైలం వెనక నీళ్ళను మెట్టుమెట్టుకీ మోటార్లతో ఎత్తిపోసి హంద్రీ–నీవా కాలువలో కుప్పందాకా తెస్తున్న రాజ్యానికి ఈ రెండు బకెట్ల కిటుకు ఎవరైనా చెప్పాలి.

పంటకూ అవధి లేదట. పిల్లవాడికి అది వరం. మదనపల్లె మండీ ఎరిగినవాడికి శాపం. 2023 జూలైలో టమోటా కిలో నూట యాభై దాటితే లోకమంతా మావైపు చూసింది. అందరికీ అన్‌లిమిటెడ్‌గా పండిన ఏడాది కోతకూలి కూడా గిట్టక కాయను చెట్టుమీదే వదిలేస్తే ఎవడూ చూడలేదు. ఆటలో మిగిలిన చెరకుకు ఇంకో పెట్టె చాలు. మండీలో మిగిలిన టమోటాకు రోడ్డుపక్క గుంతే పెట్టె.

ఏఎఫ్‌కే = ‘కీబోర్డుకు దూరంగా’ అనే మూడు ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు. దూరంగా అంటే దగ్గరగా అని తెలుసుకోవాలి. విరోధాభాసాలంకారం. ఎందుకంటే ఆటగాడి బొమ్మ ఆ చెరకు దగ్గర నిలబడకపోతే అక్కడ కాలమే నడవదు. మొక్క ఎదగదు. ఏ పనీ చేయకు, కానీ కదలకు. ఫోను ఆర్పకు, ఛార్జింగు తీయకు. దీన్ని మా నాయన కాపలా అనేవాడు.

ఫార్మ్ = సేద్యమని నిఘంటువు. నేనొప్పుకోను. స్వయంచాలక సేద్యం మేమూ చేశాము, దాని పేరు ఆటో స్టార్టరు. అర్ధరాత్రి త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు తనంతట తాను లేస్తుంది. రైతు నిద్రపోవచ్చునని అమ్మినవాడు చెప్పాడు. ఊరంతా నిద్రపోయింది. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచాయి, ట్రాన్స్‌ఫార్మరు పేలింది. బాగైన తర్వాత బోరులో నీళ్ళు అడుగంటినా మోటారు ఉత్తినే తిరిగి కాలిపోయింది. ఆ పైన అందరం టార్చిలైట్లు పట్టుకుని మళ్ళీ స్టార్టరు డబ్బా పక్కన నిలబడ్డాము.

తాత్పర్యం:
తనంతట తాను జరిగే సేద్యమంటే, ఎవడో ఒకడు పక్కన నిలబడితే జరిగేది అని భావం.

శేషం:
ఈ వ్యాఖ్య మావాడికి చదివి వినిపించాను. సగంలో ఆవులించి, “తాతా, నిద్రొస్తాంది. స్క్రీన్ ఆరిపోకుండా కాసేపు చూస్తుండు” అని ఫోను నా చేతిలో పెట్టి పడుకున్నాడు. మధ్యమధ్య వేలితో తడుతూ రాత్రి ఒంటిగంటదాకా కూర్చున్నాను. మూడో గడి లేచింది. టక్కుమంది. ఒక ముక్క నీళ్ళలో పడి కొట్టుకుపోయింది. ఇంకో ముక్క ఇసుకలో పడింది. అది మాయమయ్యేదాకా అయిదు నిమిషాలు దాన్నే చూశాను.