బోనెట్ కింద అంబాసిడర్

బ్రిటన్‌లో ఒక వింత చట్టం ఉంది. కారుకు నలభై ఏళ్ళు దాటితే రోడ్డు పన్ను కట్టక్కర్లేదు. దాని స్వరూపం మరీ మార్చేసి ఉండకపోతే ఏటా చేయించాల్సిన ఎమ్‌ఓటీ తనిఖీ కూడా అక్కర్లేదు. మూడేళ్ళు నిండిన బండినల్లా ఏడాదికోసారి పరీక్షకు పిలిచే సర్కారు, తాతల నాటి బండిని ఇలా వదిలెయ్యడమేమిటని చాలామందికి అనుమానం. నాకు లేదు. అది రోడ్డెక్కితే కదా, పన్నూ పరీక్షానూ!

నాది 1972 నాటి ఎమ్‌జీబీ. రెండే సీట్లు, మడిచే టాపు, మెరిసే క్రోమ్ బంపర్లు. 1962 నుంచి 1980 దాకా ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్‌లో ఇలాంటివి ఐదు లక్షలకు పైగా తయారుచేశారు. వాటిలో ఒకటి రెడింగ్‌లో మా గరాజులో, స్టాండ్ల మీద తపస్సు చేసుకుంటోంది. ఉగాదికి కరెంటు కార్లలో చప్పుడు లేకుండా వచ్చి దిగే మిత్రులు దీని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "డాక్టరుగారూ, ఇందులో పిల్లలెక్కడ కూర్చుంటారండీ?" అని అడుగుతారు.

"ఇందులో నేనే కూర్చోనండీ. దీని కింద పడుకుంటాను."

ఈ కాపరంలో మొదటి తగువు పానాలతో వచ్చింది. ఇంట్లో ఉన్నవి మిల్లీమీటర్లవి, బండి నట్లు అంగుళాలవి. పదమూడు మిల్లీమీటర్ల పానా అరంగుళం నట్టుకు పట్టినట్టే పడుతుంది. కాస్త బలం పెట్టగానే నట్టు మూలలు నున్నగా అరగదీసి జారిపోతుంది. జారిన చెయ్యి ఎటు వెళ్తుందో రేడియేటరు ముందే చూసి పెట్టుకుంటుంది.

ఇక మాన్యువల్. జాన్ హేన్స్ అనే ఆయన కారును ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించి, అడుగడుగునా ఫొటోలు తీసి, 1966లో ఆస్టిన్ హీలీ స్ప్రైట్ మీద మొదటి మాన్యువల్ వేశాడు. మహానుభావుడు. ఆ వరసలో వచ్చిన పుస్తకాలే నాబోటి వాళ్ళకు ధైర్యం. వాటిలో విప్పడం గురించి పేజీలకు పేజీలు ఉంటుంది. బిగించడం దగ్గరికొచ్చేసరికి, ఆ వరసే తిరగేసి చేసుకోమని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఫొటోలోని ఇంజన్ కడిగిన ముత్యంలా ఉంటుంది. నా ఇంజన్లో ఆ బోల్టు ఎక్కడుందో తెలియాలంటే ముందు జిడ్డు గోకాలి.

మరమ్మతు అంటే నిజానికి ఏడు చేపల కథే. తలుపూ తలుపూ, ఎందుకు పడవు? కింద సిల్లు కుంగింది. సిల్లూ సిల్లూ, ఎందుకు కుంగావు? తుప్పు తినేసింది. తుప్పూ తుప్పూ, ఎందుకు తిన్నావు? లోపల నీళ్ళు నిలిచాయి. నీళ్ళూ నీళ్ళూ, ఎందుకు నిలిచారు? బయటికి పోయే కన్నాలు మట్టితో పూడాయి. చివరికి వానను పట్టుకు నిలదీస్తే, "ఇంగ్లండులో కురవనా?" అంది. ఈ బండికి విడిగా ఛాసీ లేదు, పైన కప్పూ లేదు. కాబట్టి తలుపుల కింద సిల్లులనే ఆ రేకు పెట్టెలే దాని వెన్నెముక. పుచ్చిన ముక్క కోసేముందు తలుపు సందులో అడ్డంగా కమ్మీ బిగించాలి, లేకపోతే బండి నడుం వంగిపోతుంది. ఆ పని మాత్రం వెల్డింగ్ తెలిసినవాడికి అప్పగించాను. బిల్లు చూశాక వంగింది నా నడుం.

నాకు ఇష్టమైన పని కార్బురేటర్లది. ఇవి రెండు. రెండూ సమానంగా గాలి పీల్చాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటరు మూతి దగ్గర పెట్టుకుని, ముందొకదాని బుస, తర్వాత రెండోదాని బుస విని, రెండూ ఒకటయ్యేదాకా స్క్రూలు తిప్పుతూ ఉండాలి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "ఆసుపత్రిలో మనుషుల్ని కూడా ఇంత శ్రద్ధగా వింటారాండీ?" అంది.

ఇంతలో వేసవి వచ్చింది, తణుకు నుంచి మావయ్యగారూ వచ్చారు. వయసులో ఉన్నంతకాలం అంబాసిడర్ తోలిన మనిషి. మర్నాడు పొద్దున్నే ఎండలోనే మంకీ క్యాప్ పెట్టుకుని గరాజులోకి వచ్చి, బోనెట్ ఎత్తించి, తొంగిచూసి, పెద్దగా నవ్వారు.

"అల్లుడుగారూ, ఇది మన అంబాసిడరే కదండీ!"

నాకు చురుక్కుమంది. కానీ ఆయన అన్నది అక్షరాలా నిజం. అంబాసిడర్ అంటేనే ఇంగ్లండులో పుట్టి మన దేశానికొచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఎన్నో ఏళ్ళపాటు దాన్ని లాగిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, నా ఎమ్‌జీబీలోని 1798 సీసీ ఇంజనూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ సిరీస్ బిడ్డలే. కాలేజీ రోజుల్లో నాన్నగారి అంబాసిడర్లో దిగడానికి నామోషీ పడి వీధి మొగలోనే ఆపించుకున్న నేను, సముద్రాలు దాటొచ్చి, పౌండ్లు పోసి, దాని తమ్ముణ్ణి కొన్నానన్నమాట.

ఆ క్షణం నుంచి గరాజు ఆయనది. ప్లగ్గులు విప్పించారు. నేను ఫీలర్ గేజి తీసి, అంకెలు కనపడక కళ్ళజోడు వెతుక్కుంటున్నాను. ఆయన మూలనున్న పాత హాక్‌సా బ్లేడు అందుకుని, ఫట్‌మని విరిచి, బనీను అంచుతో తుడిచి, ప్లగ్గు సందులోకి జొనిపారు. అది కాస్త బిగువుగా, కాస్త వదులుగా జారింది. "ఇంతేనండి గ్యాపు" అన్నారు. డాక్టరు చదువు చదివానయ్యె, ఊరుకోలేక గేజితో కొలిచాను. 25 థౌ, అంటే 0.025 అంగుళం. మాన్యువల్లో ఉన్నదీ అదే. బ్లేడు మందమే అంతట.

ఆ ఉత్సాహంలో బండిని స్టాండ్ల మీంచి దింపి, దాని పుట్టిల్లు చూపిద్దామని ఆయన్ని ఆబింగ్డన్ తీసుకెళ్ళాను. రెండే సీట్లు గనక ఆడవాళ్ళు ఇంట్లోనే ఉండిపోయారు, వాళ్ళకేం బాధ ఉన్నట్టు కనపడలేదు. ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూసి, "అంబాసిడర్ని మన ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 దాకా లాగించారండీ" అన్నారు. ఆ గొంతులో గెలిచినవాడి ధీమా ఉంది.

బండి దగ్గరికి తిరిగొచ్చి తాళం తిప్పితే పలకలేదు. ఈ మోడల్లో సీట్ల వెనక, కార్పెట్ కింద, ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండుంటాయి. ఒకదాని వెనక ఒకటి కలిపినవి గనక ఏ ఒక్కటి అలిగినా రెండోదీ సహాయ నిరాకరణే. మావయ్యగారికి ఈ వివరాలు అక్కర్లేకపోయాయి. నన్ను దిగమని సైగ చేసి, స్టీరింగ్ ముందు సర్దుకు కూర్చుని, సెకండ్ గేరు వేసి, మంకీ క్యాప్ కిందికి లాక్కున్నారు. నేను వెనక్కి వెళ్ళి భుజం ఆనించాను. అప్పుడే ఆయన ఫోన్ మోగింది.

"ఆఁ, బయల్దేరిపోయామమ్మా. అల్లుడుగారు తోస్తున్నారు."