జాతి పాలు, పోషణ పాలు: ఒక ఒంగోలు ఆవు ఆత్మకథ

ఇది ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక నల్లరేగడి పల్లెలో పుట్టి, ప్రస్తుతం నాలుగో ఈతలో పాలిస్తున్న ఒంగోలు ఆవు చెప్పుకొంటున్న జీవిత చరిత్ర. దుక్కికీ బరువు లాగడానికీ పేరుపడిన ఈ జాతి, సముద్రం దాటి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో విస్తరించినా, పుట్టిన నేల మీద మాత్రం పాలివ్వదన్న మాట పడుతూనే ఉన్నది. ఆ మాట అనే ముందు చెంబులోని పాలలో జాతి పాలు ఎంత, పోషణ పాలు ఎంత అన్నది విడదీసి చూడాలన్నదే ఈ ఆవు విన్నపం. ఒకే మందలోని ఆవుల దిగుబడిలో కనిపించే తేడాలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే వంశపారంపర్యమనీ, మిగిలినది చాలావరకు మేత, ఋతువు, ఈతల క్రమం, సాకే తీరు వల్ల వచ్చేదనీ పశుశాస్త్రం చెబుతుంది. ఇలా పుట్టుకతో సంబంధం లేకుండా పాడిని పెంచే, తగ్గించే వాటినే జన్యుయేతర కారకాలు అంటారు.

పెయ్యగా ఉన్ననాడు తవుడు, చెక్క చాలక ఎదుగుదల మందగించి, ఎదకు రావడం ఆలస్యమై, ఈ ఆవు నాలుగేళ్లు నిండాక గాని తొలిచూలు ఈనలేదు. తిన్న మేతను ఇంకా పెరుగుతున్న ఒంటికీ పొదుగుకూ పంచుకోవలసి వచ్చినందున ఆ ఈతలో పాలు తక్కువే. పొదుగులో పాలను తయారుచేసే కణజాలం ఈత ఈతకూ వృద్ధి చెందుతుంది కనుక, సాధారణంగా మూడు, నాలుగు ఈతల నాటికి దిగుబడి గరిష్ఠానికి చేరుతుంది.

ఈనిన నెల కూడా అంతే ముఖ్యం. ఈనిన నెలా రెండు నెలల్లో పాలు ఉచ్చస్థాయికి చేరి, ఆపైన క్రమంగా తగ్గుతాయి. తొలకరి తరవాత ఈనిన మూడో ఈతలో ఆ దశకు పచ్చిక తోడైంది. ఫాల్గుణంలో ఈనిన రెండో ఈతలో అదే దశ వట్టి వరిగడ్డి మీద, నడివేసవిలో గడిచిపోయింది. వేలాడే గంగడోలు, చెమట గ్రంథులు ఎండను తట్టుకోవడానికి తోడ్పడతాయే గాని మేత లోటును పూడ్చలేవు. పాలలో నూటికి సుమారు 87 పాళ్లు నీరే గనుక, కుడితి తొట్టి ఎండిన పూట పాలూ తగ్గాయి.

దూడ మూతితో పొదుగును కుమ్మి చన్ను చీకగానే, ఆ స్పర్శ మెదడుకు చేరి, ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలై, పాలతిత్తుల చుట్టూ ఉన్న కణాలను బిగించి పాలను కిందికి దించుతుంది. మెత్తగా ఉన్న చన్ను నిండి బిగుస్తుంది, మొనకు తెల్లని చుక్క వచ్చి నిలుస్తుంది. దీనినే చేపడం అంటారు. ఈ ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది కనుక, కొత్త చేయి తగిలి, కేకలు విని బెదిరిన రోజున పొదుగులో పాలున్నా ఈ ఆవు చేపలేకపోయింది.

ఈనడానికి ముందు దాదాపు 60 రోజులు పాలు పితకకుండా వట్టిపోనిస్తే పొదుగు కోలుకొని తదుపరి ఈతకు సిద్ధమవుతుంది. ఆ విరామం ఈ ఆవుకు నిండుగా దక్కింది నాలుగో ఈతకు ముందే. ఇప్పుడు పక్కన కట్టేసి ఉన్న కోడెదూడను ఆబోతుగా నిలపాలా వద్దా అన్నది తల్లి పాల లెక్కను బట్టే తేలుతుంది. ఆ లెక్క పక్కన ఎన్నో ఈత, ఏ నెలలో ఈనింది, ఏ మేత తిన్నది, ఎన్ని రోజులు వట్టిపోయింది అన్నవి రాసి ఉంటేనే ఆ తీర్పు న్యాయమవుతుంది. లేకుంటే మంచి తల్లి బిడ్డ కూడా సంతకే పోతుంది.