పార్సర్‌ను మీ పేరున రాయించుకునే పద్ధతులు

మీ టీమ్‌లో పైథాన్‌లో రాసిన కమాండ్‌లైన్ టూల్ ఒకటుంది. డిప్లాయ్, రోల్‌బ్యాక్, బ్యాకప్, క్లీన్ అంటూ బోలెడు సబ్‌కమాండ్లు. అన్నిటి ఆర్గ్యుమెంట్లనూ ఒకే ఫైల్లో, ఒకే పొడుగాటి ఫంక్షన్‌లో చదువుతున్నారు. స్టాండప్‌లో ఎవరో ఒకరు “దీన్ని రిఫాక్టర్ చెయ్యాలి” అంటారు. వెంటనే చెయ్యెత్తండి. ఇంత తక్కువ పనికి ఇంత పేరొచ్చే టాస్క్ మళ్లీ దొరకదు.

బయటి ప్రవర్తన మారకుండా లోపలి అమరిక మార్చడమే రిఫాక్టరింగ్ అని పుస్తకాలు చెబుతాయి. మీరు దాన్ని తిరగేసి పట్టుకోండి. లోపలిది ఉన్నది ఉన్నట్టే ఉండాలి, బయట అంతా మారాలి, ఆ తర్వాత మీరు తప్ప మరొకరు ఆ ఫైల్ తెరవడానికి జంకాలి. అప్రైజల్ నాటికి ఈ మూడూ కుదిరితే చాలు.

1. మొదటి కమిట్‌లోనే టెస్టులు తీసేయండి. “పాత డిజైన్ టెస్టులు కొత్త డిజైన్‌కి వర్తించవు” అని మెసేజ్ రాయండి. ఆ కొత్త డిజైన్ ఏమిటని ఎవరూ అడగరు. లేని టెస్టు ఫెయిల్ కాదు కాబట్టి పైప్‌లైన్ రోజంతా పచ్చగా ఉంటుంది.

2. ఫైళ్లను చీల్చండి, కోడ్‌ను చీల్చకండి. సబ్‌కమాండ్‌కో ఫైల్ పెట్టండి. ప్రతి ఫైల్లో మూడు లైన్లుంటే సరిపోతుంది, అవి పాత ఫంక్షన్‌నే పిలవాలి. పాత ఫైల్‌కు “కోర్” అని పేరు మార్చండి. కోర్ అన్న పేరు చూస్తే జూనియర్లు దాని జోలికి రారు. అదే పుల్ రిక్వెస్ట్‌లో ఫార్మాటర్ కూడా నడిపి ప్రతి లైనూ కదిలేలా చూడండి. నాలుగు వేల లైన్ల తేడాను ఏ రివ్యూయరూ చదవడు, శుక్రవారం సాయంత్రం అసలే చదవడు, కిందిదాకా స్క్రోల్ చేసి ఆమోదం నొక్కేస్తాడు. ఇక ఏ లైన్ ఎవరు రాశారని గిట్ బ్లేమ్‌లో చూసినా అంతటా మీ పేరే. ఒక కమిట్‌ను పక్కన పెట్టి బ్లేమ్ చూసే వీలు గిట్ 2.23 నుంచి ఉంది. ఆ సంగతి టీమ్‌లో ఎత్తకండి.

3. ఆర్గ్‌పార్స్‌లో తవ్విపెట్టి ఉన్న గోతులను వాడుకోండి. మీరు కొత్తగా ఏమీ తవ్వక్కర్లేదు, అందుకే ఈ చిట్కా అన్నిటికంటే నాకిష్టం. పైథాన్ 2.7, 3.2 వెర్షన్ల నుంచి ఈ మాడ్యూల్ ప్రామాణిక లైబ్రరీలోనే ఉంది. “ఇది మన బగ్ కాదు, లైబ్రరీ అంతే” అనే మాట మీకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

మొదట, ఒకే ఆప్షన్‌ను ఒకే పేరుతో ప్రధాన పార్సర్‌లోనూ సబ్‌కమాండ్ పార్సర్‌లోనూ పెట్టండి. ఉదాహరణకి “--ఎన్వ్”, డిఫాల్ట్ విలువ ప్రొడక్షన్. యూజర్ సబ్‌కమాండ్‌కు ముందు “--ఎన్వ్ టెస్ట్” అని రాసి, తర్వాత డిప్లాయ్ అంటాడు. ప్రధాన పార్సర్ టెస్ట్ అని శ్రద్ధగా రాసుకుంటుంది. ఆ వెంటనే సబ్‌కమాండ్ పార్సర్ తన డిఫాల్ట్‌ను దాని మీద రాసేస్తుంది. ఎర్రరూ లేదు, హెచ్చరికా లేదు. టెస్ట్ అనుకున్నది ప్రొడక్షన్‌కి పోతుంది. అందరూ తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు మీరు నింపాదిగా వచ్చి “ఆప్షన్ సబ్‌కమాండ్ తర్వాత రాయాలి” అని చెప్పండి. ఆ ఒక్క మాటతో మీరు టూల్‌కి నిపుణులైపోతారు.

తర్వాత, అవును కాదు అని చెప్పే ఆప్షన్లన్నిటికీ టైప్ బూల్ అని ఇవ్వండి. ఖాళీగా లేని ఏ స్ట్రింగ్ అయినా పైథాన్‌కు ట్రూనే. కాబట్టి “--డిలీట్ ఫాల్స్” అంటే కూడా డిలీట్ అవుతుంది. దీనికోసమే 3.9లో బూలియన్ ఆప్షనల్ యాక్షన్ తెచ్చారు. ఎవరైనా గుర్తు చేస్తే “పాత వెర్షన్లను కూడా సపోర్ట్ చేయాలి కదా” అనండి. పాత వెర్షన్ ఎవరు వాడుతున్నారో చెప్పాల్సిన పని లేదు.

పొడుగు ఆప్షన్లను కుదించి రాసినా ఆర్గ్‌పార్స్ పోల్చుకుంటుంది. దాన్ని ఆపే మీట 3.5 నుంచి ఉంది, ముట్టుకోకండి. జనం తమ స్క్రిప్టుల్లో “--ప్రాజెక్ట్” బదులు మొదటి మూడక్షరాలే రాసుకోవడం మరిగేదాకా ఆగండి. అప్పుడు అవే మూడక్షరాలతో మొదలయ్యే “--ప్రొఫైల్” అనే కొత్త ఆప్షన్ చేర్చండి. ఆ రాత్రి నడిచే క్రాన్ జాబులన్నీ ఏది కావాలో తేల్చుకోలేక ఆగిపోతాయి. పొద్దున్నే టికెట్లు వస్తాయి. ప్రతి టికెట్‌నూ విడివిడిగా మూసేయండి, లెక్క పెరుగుతుంది.

ఎక్కువ ఫలితమిచ్చేది పార్స్ నోన్ ఆర్గ్స్. తెలియని ఆప్షన్ వస్తే ఆగకుండా పక్కన పెట్టి ముందుకు పోతుంది. పక్కన పెట్టినదాన్ని మీరు చూడకుండా పారేయండి. “--డ్రైరన్” అని రాయబోయి ఒక్క అక్షరం తప్పు కొట్టినవాడికి అసలు పనే జరిగిపోతుంది. మీ నెలవారీ రిపోర్టులో మాత్రం ఆర్గ్యుమెంట్ ఎర్రర్లు సున్నా. గ్రాఫ్ గీసి పెట్టండి, మేనేజర్లకు కిందికి దిగే గీత ఇష్టం.

4. సబ్‌కమాండ్ ఇవ్వకపోతే ఏమవుతుందో ఆలోచించకండి. పైథాన్ 3లో మామూలుగా అది తప్పనిసరి కాదు, తప్పనిసరి అని చెప్పే ఆర్గ్యుమెంట్ 3.7లో వచ్చింది. వదిలేయండి. ఉత్త టూల్ పేరు కొట్టినవాడికి గజం పొడుగు ట్రేస్‌బ్యాక్ వస్తుంది. అది పట్టుకుని మీ డెస్క్ దగ్గరికే వస్తాడు. రానివ్వండి, మిమ్మల్ని అడగడం అలవాటవుతుంది.

5. ఒక్కక్షరం ఆప్షన్లకు సబ్‌కమాండ్‌కో అర్థం ఇవ్వండి. డిప్లాయ్‌లో “-ఎఫ్” అంటే ఫైల్, క్లీన్‌లో “-ఎఫ్” అంటే ఫోర్స్. అభ్యంతరం చెప్పినవాళ్లకు పెద్దల్ని చూపించండి. పోర్టు ఇవ్వడానికి ఎస్‌ఎస్‌హెచ్‌లో చిన్న పి, దాని తోడుగా వచ్చే ఎస్‌సీపీలో పెద్ద పి. మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌లోనైతే చిన్న పి పాస్‌వర్డ్, పెద్ద పి పోర్టు. ఈ మూడు పేర్లు చెప్పాక మీటింగ్ ముగుస్తుంది.

6. పాత పేర్లను అదే రిలీజ్‌లో పీకేయండి. 2019లో గిట్ 2.23 స్విచ్, రిస్టోర్ అనే కొత్త కమాండ్లు తెచ్చి కూడా చెకౌట్‌ను అలాగే ఉంచింది. 2017లో డాకర్ 1.13 కమాండ్లన్నిటినీ కంటెయినర్, ఇమేజ్ అంటూ గుంపులు కట్టింది. పాత డాకర్ రన్ మాత్రం ఆగలేదు. అంత ఓపిక మనకెందుకు? రెండు దార్లు ఉంచితే రెండిటినీ ఊడ్చుకోవాలి. ఇంతకంటే చాకచక్యమైనది పేరు ఉంచి అర్థం మార్చడం. నిన్నటిదాకా తాత్కాలిక ఫైళ్లు తుడిచిన క్లీన్, నేటి నుంచి బ్యాకప్‌లు కూడా తుడవాలి. కుబర్నెటిస్ 1.18లో క్యూబ్‌సీటీఎల్ రన్ డిప్లాయ్‌మెంట్ వంటివి చేయడం మాని ఒట్టి పాడ్ మాత్రమే చేసేలా మారింది. వాళ్లు ముందు వెర్షన్లలో హెచ్చరిస్తూ వచ్చారు. అర్థం మార్చడం మాత్రం నేర్చుకోండి, హెచ్చరికలు వదిలేయండి.

7. ఎగ్జిట్ కోడ్ ఎప్పుడూ సున్నా. ఆర్గ్యుమెంట్లు తప్పితే ఆర్గ్‌పార్స్ 2తో బయటికి పోతుంది. దాన్ని పట్టుకుని “ఏదో తేడా వచ్చింది” అని ప్రింట్ చేసి సున్నాతో ముగించండి. సీఐ సంతోషంగా తర్వాతి మెట్టుకు పోతుంది.

8. పాస్‌వర్డ్‌ను ఆప్షన్‌గా తీసుకోండి. ఫైల్ నుంచో ప్రాంప్ట్ నుంచో చదవాలంటే ఇంకో ముప్పై లైన్లు రాయాలి. కమాండ్ లైన్లో ఇస్తే షెల్ హిస్టరీలో నిలిచిపోతుంది, నడుస్తున్నంతసేపూ పీఎస్ కొట్టి చూసుకోవచ్చు. మరిచిపోయినవాడికి ఇంతకంటే వసతి లేదు.

9. హెల్ప్ సందేశాన్ని ఎండగట్టండి. ప్రతి ఆప్షన్ పక్కనా దాని పేరే మళ్లీ రాయండి: “--టైమౌట్: టైమౌట్”. సెకన్లా మిల్లీసెకన్లా అనేది మీ దగ్గరే ఉంచుకోండి. నిజంగా పనికొచ్చే రెండు మూడు ఆప్షన్లకు ఆర్గ్‌పార్స్‌లోని సప్రెస్ పెడితే అవి హెల్ప్‌లో అసలు కనిపించవు. ఆపద వేళ మీరొక్కరే వాటిని టైప్ చేసి చూపించవచ్చు.

10. వలసను సగంలో ఆపండి. 2014లో వచ్చిన క్లిక్ లైబ్రరీకి మారుతున్నామని ప్రకటించి, తేలికైన సబ్‌కమాండ్లు మూడింటిని మార్చి వదిలేయండి. క్లిక్‌లో గ్రూప్‌కి ఇచ్చిన ఆప్షన్ సబ్‌కమాండ్‌కు ముందే రావాలి. మూడో చిట్కా పాటించినవాళ్ల ఆర్గ్‌పార్స్‌లో అదే ఆప్షన్ తర్వాత రాస్తేనే పనిచేస్తుంది. ఏది ఎక్కడో మీకు తప్ప ఎవరికీ కంఠతా ఉండదు. స్టాండప్‌లో చెప్పుకోవడానికి “మైగ్రేషన్ నడుస్తోంది” అనే వాక్యం ఏళ్ల తరబడి అక్కరకొస్తుంది.

11. జవాబులు ముందే రాసిపెట్టుకోండి. బగ్ చూపిస్తే: “అది మీ షెల్ కోట్‌ల సమస్య.” మళ్లీ చూపిస్తే: “మీ పైథాన్ వెర్షన్ ఎంత?” ఎంత చెప్పినా “ఆఁ, అదే” అనండి. లాగ్‌తో సహా తెస్తే: “టికెట్ వేయండి, వచ్చే స్ప్రింట్‌లో చూద్దాం.” డాక్యుమెంటేషన్ అడిగితే: “కోడే డాక్యుమెంటేషన్.” పై వాళ్లు కోప్పడితే తప్పు మొత్తాన్ని మొదటి వెర్షన్ రాసి ఉద్యోగం మారిపోయిన మనిషి మీద పెట్టండి. ఆయన వచ్చి కాదనడు.

12. రిలీజ్‌ను సంక్రాంతి సెలవుల ముందు సాయంత్రానికి పెట్టండి. ట్యాగ్ కొట్టి, మారినవాటి జాబితాలో “చిన్న చిన్న మెరుగుదలలు” అని రాయండి. ఆన్‌కాల్ వంతును రివ్యూలో ఎక్కువ ప్రశ్నలు వేసిన కుర్రాడితో మార్చుకోండి, బదులుగా ఉగాదికి చేస్తానని మాటివ్వండి. మా ఊళ్లో సిగ్నల్ ఉండదని గ్రూప్‌లో ముందే పెట్టండి. లాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి, అంకితభావం కనిపిస్తుంది. చార్జర్ మాత్రం డెస్క్ దగ్గర వదిలి బస్సెక్కండి.